కిటికీ గట్టు మీది పద్నాలుగో సీసా

కొలెస్టరాల్‌ను నేను కళ్లారా చూశాను. చెంచాతో ఎత్తాను, కాగితం మీద పోసి తూచాను, ఒకసారి చూసుకోకుండా కొంగుకు అంటించుకుని ఇంటిదాకా తీసుకెళ్లాను. ఈమధ్య ఆ పేరు వింటేనే గుండె పట్టుకునే పెద్దమనుషులు మా వీధిలో ఒకరిద్దరు తయారయ్యారు. పాపం, వాళ్లు దాన్ని ఎప్పుడూ చూడలేదు. శుభ్రమైన కొలెస్టరాల్ చాలా అందంగా ఉంటుంది. తెల్లగా, పల్చగా, వెలుతురులో మెరిసే అభ్రకం రేకుల్లా ఉంటుంది. వాసన ఉండదు. దానికి మన మీద పగేమీ లేదు. చెడిపోతేనే గొడవ. ఎట్లా చెడిపోతుందో నాకు బాగా తెలుసు. ఒకసారి దాన్ని చెడగొట్టింది నేనే.

ఇరవై తొమ్మిదేళ్లకే ఉద్యోగ జ్ఞాపకాలేమిటని నవ్వేవాళ్లు నవ్వండి. నాకంటే ముందు నా ఉద్యోగమే రిటైరయింది. నల్లగొండలో మా చిన్న పరీక్షశాలను ఎత్తేసి హైదరాబాదులో పెద్దదానిలో కలిపేశారు. గాజు సామానంతా గడ్డిలో చుట్టి లారీలో పంపారు. లారీలో నాకు చోటున్నా నేను పోలేదు. మొన్న మా వీధిలో బీఎస్సీ ప్యాసైన ఇద్దరు అమ్మాయిలు వచ్చి, "అక్కా, ల్యాబుల పని ఎట్లుంటది?" అని అడిగారు. నాలుగు ముక్కలు కలిపి మాట్లాడటం నాకు చేతకాదు. "మంచిగుంటది" అని చెప్పి, చాయ్ పెడతానని లోపలికి పోయి, వాళ్లు వెళ్లిపోయేదాకా వంటింట్లోనే ఉన్నాను. ఇది వాళ్లకు నేను చెప్పాల్సిన జవాబు.

మా పరీక్షశాల అంటే రెండు గదులు, ఒక వరండా. మనుషులం ముగ్గురం. మొదట మా సారు. కెమిస్టు. ఆంధ్రా, తెలంగాణా కలిసిన తర్వాత కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు. వచ్చిన రోజు నుంచీ నల్లగొండ నీళ్లను, నల్లగొండ ఎండను, నల్లగొండ మాటను క్షమించలేదు. కానీ పని తెలిసిన మనిషి. నెయ్యి మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అందులో వనస్పతి కలిసిందో లేదో సగం చెప్పేవాడు. మధ్యాహ్నం వాళ్లింటి నుంచి లడ్డూల డబ్బా వచ్చేది. ఆ డబ్బాలో నెయ్యిని ఎవరూ పరీక్షించలేదు. రెండో మనిషి చప్రాసి. ఉద్యోగం ముగింపుకొచ్చిన పెద్దాయన, నిజాం కాలం నుంచి ఆఫీసుల్లోనే తిరిగినవాడు. ఫైళ్ల కంటే ఆయనకే ఎక్కువ విషయాలు తెలుసు. మూడో మనిషిని నేను, సహాయకురాలిని. కొలువు తాత్కాలికం, గొంతు దాదాపు లేదు.

గొంతు లేనివాళ్లు డైరీ రాస్తారు. నేనూ రాసేదాన్ని. అందులో సగం పని, సగం నేను పైకి అనలేకపోయిన మాటలు. ఉదాహరణకు ఒక పేజీ: "ఉదయం పావు తక్కువ పదికి సీసాలు కిటికీలో పెట్టిన. మబ్బు. సారు సూర్యుడి మీద కోప్పడ్డారు. సూర్యుడు సంజాయిషీ ఇవ్వలేదు." ఇంకొకటి: "సారు ఈరోజు కూడా ఇక్కడి నీళ్లను తిట్టారు. నీళ్లు తిరిగి ఏమీ అనలేదు. ఇక్కడివాళ్లకు మర్యాద ఎక్కువ."

కిటికీ సంగతి చెప్పాలి. కథంతా దాని గట్టు మీదే జరిగింది.

చలికాలంలో నెయ్యి సీసాలో రాయిలాగా గడ్డకడుతుంది. పరీక్షకు తీసుకోవాలంటే కరగాలి. పద్ధతి ప్రకారం గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించాలి. నీళ్లు కాగాలంటే స్టవ్వు, స్టవ్వుకు కిరసనాయిలు. ఆ చలికాలం మాకు కిరసనాయిలు సరిగా అందలేదు. అందుకని సారు ఒక ఉపాయం కనిపెట్టాడు. తూర్పు కిటికీ గట్టు మీద సీసాల ట్రే పెట్టమన్నాడు. పదింటికల్లా ఎండ నేరుగా పడి నెయ్యి నూనెలాగా కరిగేది. దీనికి ఆయన 'సూర్యస్నానం' అని పేరు కూడా పెట్టాడు. "సర్కారు జాగ, దేవుని ఎండ. కిరాయి లేదు," అని చప్రాసి మెచ్చుకున్నాడు. రోజూ పొద్దున ట్రే కిటికీలోకి, సాయంత్రం బల్ల మీదికి. ఆ పని నాది.

ఆ చలికాలం మాకు వచ్చిన నమూనాల్లో పద్నాలుగో సీసా పుష్యమాసంలో అందింది. యాదగిరిగుట్ట కింద మిఠాయి దుకాణాలకు నెయ్యి పోసే ఒక గొల్లామె దగ్గర ఇన్‌స్పెక్టరు పట్టుకున్న నమూనా. నమూనాను మూడు సీసాల్లో నింపి లక్కతో సీలు వేస్తారు. ఒకటి అమ్మినవాళ్లకే ఇస్తారు, ఒకటి మాకు పంపుతారు, ఒకటి ఇన్‌స్పెక్టరు బీరువాలో పెడతారు. మేం తప్పు పట్టి కేసు కోర్టుకు పోతే, అమ్మినవాళ్లు తమ సీసాను కోర్టు ద్వారా కలకత్తా పంపించుకోవచ్చు. కలకత్తా మాటే ఆఖరి మాట. అయితే సీలు చెక్కుచెదరకుండా ఉండాలి. సీలు పోయిందంటే అది ఉత్త నెయ్యి సీసా.

మాకొచ్చిన సీసాను విప్పి, సగం నెయ్యి తీసి మొదటి పరీక్షలన్నీ చేశాం. అన్నీ బాగున్నాయి. మిగిలింది కొలెస్టరాల్ పరీక్ష. పాల నెయ్యిలో కొలెస్టరాల్ ఉంటుంది, వనస్పతిలో దాని చుట్టం ఇంకొకటి ఉంటుంది. నెయ్యిలోంచి దాన్ని విడదీసి, ఒక రసాయనంతో కలిపి, ఎంత వేడికి కరుగుతుందో చూస్తే గుట్టు తెలుస్తుంది. ఆ రసాయనం సరిగ్గా ఆవేళే అయిపోయింది. హైదరాబాదుకు రాశాం. హైదరాబాదు ఆలోచించింది. అది వచ్చేసరికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది.

ఆ ముప్పై ఎనిమిది రోజులూ పద్నాలుగో సీసా కిటికీలోనే ఉంది. మిగతా సీసాలు పని అయిపోయి వెళ్లిపోయాయి. ఇదొక్కటే ట్రేలో మిగిలింది. "రసాయనం ఏ క్షణమైనా రావచ్చు, నెయ్యి కరిగి సిద్ధంగా ఉండాలి," అన్నాడు సారు. అందుకని రోజూ కరిగించి సిద్ధంగా ఉంచాను. సగం నెయ్యి, సగం గాలి, వదులు బిరడా, మీద ఎండ. రోజూ నా చేత్తో పెట్టాను, రోజూ డైరీలో రాశాను.

ఇక్కడ మీకు కొంచెం రసాయనశాస్త్రం చెప్పాలి. అది కూడా సారు నాకు నేర్పిందే. నేను చేరిన కొత్తలో పై అరలో ఒక పాత కొలెస్టరాల్ సీసా దొరికింది. బిరడా పగిలి ఉంది. లోపల తెల్లటి రేకులకు బదులు పసుప్పచ్చని ముద్ద. నేను దాన్ని సారుకు చూపించాను.

"ఇది కొలెస్టరాల్ కాదమ్మాయ్, దాని శవం," అన్నాడాయన. "గాలి, వెలుగు, వేడి మూడూ కలిస్తే కొలెస్టరాల్ మెల్లగా ప్రాణవాయువును పట్టుకుంటుంది. పట్టుకున్న చోటును బట్టి ఒక్కోరకం కొత్త పదార్థం అవుతుంది. అలాంటివి ఒకటి కాదు, చాలా ఉంటాయి. ఇవి రక్తనాళాల గోడలను కొరుకుతాయేమోనని కొందరి అనుమానం. ఇంకా తేలలేదనుకో. మనవాళ్లు మంచిదాన్నీ చెడిపోయినదాన్నీ ఒకే పేరుతో తిడుతున్నారు."

"కూరలో నెయ్యి కాగితే కూడా అవుతుందా సార్?" అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. డైరీలో రాసుకున్నాను.

రసాయనం వచ్చింది. పద్నాలుగో సీసా మూత తీయగానే పాత తలుపుకు వేసిన రంగు వాసన వచ్చింది. విడదీస్తే తెల్లటి రేకులు రాలేదు. చెవిలో గుబిలిలాంటిది వచ్చింది, పచ్చగా, జిగటగా. కరగాల్సిన చోట అది కరగలేదు. అంతకంటే ముందే మెత్తబడి జారిపోయింది. సారు వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుని, "ముక్కిపోయిన నెయ్యి. తినదగదు" అని రిపోర్టు రాసేశాడు.

నాకు అప్పుడే తెలిసింది. పై అరలో శవం, ఈ సీసాలో శవం, ఒకటే చావు. సారుకు పాఠం తెలుసు, నాకు కిటికీ తెలుసు. ఆయన పాఠాన్నీ నా కిటికీనీ కలపాల్సినది నేను. రిపోర్టు టపాలోకి వెళుతుంటే నేను బీకర్లు కడుగుతూ నిలబడ్డాను. ఆ రోజు డైరీలో "రేపు చెప్పాలి" అని ఉంది. మర్నాడూ అదే ఉంది. మూడో నాడు "సారుకు జలుబు. ఎల్లుండి చెప్పాలి" అని ఉంది. ఆయన జలుబుకు, నా నోటికి ఏం సంబంధమో రాయలేదు. అట్లా మూడు వారాలు గడిచాయి. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు సీసాను ఎండలో పెట్టడం కాదు, అది చెప్తే చేసిన పని. ఈ మూడు వారాలు మాత్రం నా సొంతం.

తర్వాత ఒకరోజు ఆమె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. చేతిలో కోర్టు కాగితం, చంకలో గంప. గంపను వరండాలో కాకుండా నేరుగా సారు బల్ల మీద దించింది.

"గుట్ట కింద దుకాన్లకు నెయ్యి పోసేది నేనే సారు. గీ కాయితం మీరు రాస్తెనే వచ్చిందంట."

"నీ నెయ్యి పాడైపోయిందమ్మా. తినడానికి పనికిరాదు. ఉన్నదే రాశాం."

"ఎవలు తిన్నరు?"

"ఎవరూ తినలేదు. పరీక్ష చేశాం."

"తినకుండనే పనికిరాదని ఎట్ల తెలిసె?"

చప్రాసి గోడవైపు తిరిగి దగ్గాడు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నీకు చెప్పినా అర్థం కాదమ్మా."

"చెప్పి చూడుండ్రి. అర్థం కాకుంటె మళ్ల అడుగుత. చిట్యాల దాంక నడిచొచ్చి బస్సెక్కిన, నాకేం తొందర లేదు."

సారు ఆమె కోర్టు కాగితం తీసుకుని తిరగేశాడు. ఆమె నిలబడే మాట్లాడింది. "ఆరు బర్రెలున్నయి సారు నాకు. మీ కాయితం సంగతి తెల్వంగనే దుకానపాయన నెయ్యి బందు వెట్టిండు. ముక్కిన నెయ్యి దేవుని దగ్గరికి పంపినవని ఊరు ఊరంత మొకం మీదనే అంటున్నరు. కోర్టుల తప్పయితె జేలంట. నేను జేలుకు వోతె బర్రెల పిండేదెవలు? మీరొస్తరా?"

"నా చేతిలో ఏముందమ్మా?" అన్నాడు సారు.

"నా చేతిల ఉన్నది." ఆమె గంపలో చెయ్యి పెట్టింది. గంప నిండా జొన్నలు. అందులోంచి సీసా తీసింది. లక్క సీలు ఒక్క పగులైనా లేకుండా మెరుస్తోంది. "ఇన్‌స్పెక్టరు సారు నా చేతికిచ్చిన సీస. ఆనాడే జొన్నల గుమ్మిల వెట్టిన. మా అత్త నాటి సంది మేం నెయ్యి జొన్నల్లనే దాస్తం. ఎండ తాకది, గాలి తాకది, పోరగాండ్ల చెయ్యి తాకది. గిది సూడుండ్రి, గప్పుడు రాయుండ్రి."

సారు ముఖంలో ఇబ్బంది, దాని వెనుక నిజమైన కుతూహలం కనిపించాయి. ఆయన చెడ్డవాడు కాదని ఇక్కడ చెప్పాలి. మంచి నమూనా కనపడితే చెయ్యి ఊరుకోని మనిషి, అంతే. "ఇలా ఇవ్వు, విప్పి చూద్దాం," అన్నాడు. ఆమె ఇవ్వబోయింది. సారు సీసాను దీపానికి పట్టినట్టు పైకెత్తి చూడాలని చెయ్యి చాపి, "గడ్డకట్టిందే. అమ్మాయ్, తీసుకెళ్లి కిటికీలో పెట్టు, కరగనీ," అన్నాడు.

"ఇయ్యకక్కా!"

ఆ గొంతు ఎవరిదా అని నేనూ అందరితోపాటు చుట్టూ చూశాను.

"ఇయ్యకు. సీలు తీస్తె ఇగ అది కోర్టుల చెల్లది. నీ తరఫు సాక్ష్యం గదొక్కటే. గా కిటికీల వెడితె అది గూడ చెడిపోతది." ఊపిరి తీసుకోకుండా అన్నాను, తీసుకుంటే ఆగిపోతానని. "మా సీస గట్లనే చెడిపోయింది. నేనే చెడగొట్టిన."

ఆమె సీసాను గుండెలకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేసింది. చప్రాసి ముందు కిటికీకేసి చూశాడు, తర్వాత నాకేసి చూశాడు. "బిడ్డకు మాటలొచ్చినయి," అన్నాడు మెల్లగా.

సారు కుర్చీలోంచి లేచాడు. "చెడగొట్టడమేవిటి? ఏదో రెండ్రోజులు ఎండలో పెట్టాం."

"ముప్పై ఎనిమిది దినాలు సార్."

"ఎవరన్నారు?"

"రాసిపెట్టిన."

"ఏదీ?"

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. డైరీలో ముప్పై ఎనిమిది సార్లు కిటికీ ఉంది. ప్రతి కిటికీ పక్కన సారు కూడా ఉన్నాడు. నీళ్లున్నాయి, సూర్యుడున్నాడు, లడ్డూలున్నాయి. ఈ పుస్తకం ఇస్తే ఆమె జైలు తప్పుతుంది, నా కొలువు తప్పకుండా పోతుంది. పేజీలు చింపి ఇద్దామని కూడా ఆలోచించాను. చింపిన కాగితాలను ఎవరు నమ్ముతారు? సంచీలోంచి తీసి ఇచ్చాను.

ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు. పరీక్షశాలలో కాగితాన్ని పైకి చదవడం ఆయనకు అలవాటు.

"'పద్నాలుగో సీసా కిటికీలో. ఎండ బాగుంది.' ఊఁ. 'పద్నాలుగు కిటికీలో. ఎండ. సారు మూడు లడ్డూలు తిన్నారు. మూడోది తినేటప్పుడు దేశంలో పెరిగిపోతున్న కల్తీ గురించి చాలా బాధపడ్డారు.'"

తర్వాత పైకి చదవడం ఆపేశాడు. లోపల చదువుతూ పేజీలు తిప్పాడు. చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. గొల్లామె చప్రాసిని, "ఏం రాసిందయ్యా గండ్ల?" అని గుసగుసగా అడిగింది. "సీస సంగతే," అన్నాడు ఆయన. "సీస పక్కన సారు సంగతులు గూడ ఉన్నయి."

చివరికి పుస్తకం మూసి, దాన్ని తన బల్ల సొరుగులో పెట్టుకుని తాళం వేశాడు. నా కొలువు కూడా ఆ సొరుగులోకే పోయిందనుకున్నాను. ఆయన మాత్రం కిటికీ దగ్గరికి నడిచాడు. ఖాళీ ట్రేను వేలితో తాకి, వేడి చూసుకుని, దాన్ని గట్టు మీంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ సీసా నువ్వే ఉంచుకోమ్మా," అన్నాడు ఆమెతో. "జొన్నల్లోనే పెట్టు. ఎవరడిగినా ఇవ్వకు, నేనడిగినా సరే." తర్వాత ఇన్‌స్పెక్టరుకు చీటీ రాసి, చప్రాసిని పిలిచి బీరువాలోని మూడో సీసా తెమ్మన్నాడు. దాన్ని పైవాళ్ల అనుమతి లేకుండా విప్పకూడదు. అనుమతికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ ఆయన నాతో మాట్లాడలేదు. నాకు అది కష్టమనిపించలేదు, మేమిద్దరం ముందూ అంతే.

బీరువాలోని సీసాను ఈసారి గోరువెచ్చని నీళ్లలో కరిగించాం. కిరసనాయిలు సారు ఇంటి నుంచి తెచ్చాడు. కొలెస్టరాల్ విడదీసి వడకట్టు కాగితం మీద ఆరబెట్టాను. తెల్లగా, రేకులు రేకులుగా వచ్చింది. కరగాల్సిన చోటే కరిగింది. చెడిన కొలెస్టరాల్‌ను పట్టే పాత రంగు పరీక్ష కూడా చేశాం. పద్నాలుగో సీసాది ముదురు ఆకుపచ్చగా తిరిగింది. బీరువాలోది దాదాపు ఊరకుంది. ఒకే బర్రెల నెయ్యి, ఒకే రోజు నింపిన సీసాలు. ఒకటి చీకట్లో కూర్చుంది, ఇంకొకటి మా ఆతిథ్యం చూసింది.

సారు ఉత్తరం రాశాడు. మూడుసార్లు చింపి నాలుగోసారి రాశాడు. అందులో 'పరీక్షశాలలో ఉండగా సీసా దీర్ఘకాలం ఎండకు గురైనందున' అని ఉంది. ఎవరు గురిచేశారో లేదు. సీసాయే విసుగుపుట్టి ఎండలోకి వెళ్లి కూర్చున్నట్టు ఉంది. అయినా ఆ ఉత్తరంతో కేసు ఎత్తేశారు. ఆయనకు రావాల్సిన పెద్ద ఉద్యోగం ఆ ఏడు రాలేదు. ఉత్తరం వల్లనో కాదో నాకు తెలియదు, ఆయన ఎప్పుడూ అనలేదు. కిటికీకి మాత్రం గోనెపట్టా కుట్టించి వేలాడదీశాం.

ఉత్తరం పోయిన మర్నాడు నా డైరీ నా బల్ల మీద ఉంది. లోపల ఎర్ర పెన్సిల్. కెమిస్టు కదా, తప్పులు దిద్దకుండా ఇవ్వలేడు. లడ్డూల దగ్గర, "మూడు కాదు, రెండు. మూడోది చప్రాసి తిన్నాడు" అని ఉంది. నీళ్ల దగ్గర ఏమీ లేదు. ముప్పై ఎనిమిదో రోజు పేజీలో, "పద్నాలుగో సీసా కిటికీలో పెట్టిన" అన్న నా వాక్యం కింద గీత గీసి, "పెట్టమన్నది నేను" అని రాసి, ఆఫీసు కాగితాల మీద చేసినట్టే పూర్తి సంతకం చేశాడు.

అమ్మాయిలూ, ల్యాబులో పని మంచిగానే ఉంటుంది. పని నేర్చుకోండి, అంతకంటే ముందు నోరు నేర్చుకోండి. నాకు మూడు వారాలు పట్టింది. మీకు అంత సమయం దొరక్కపోవచ్చు.

ఎండలు ముదిరాక గొల్లామె మళ్లీ వచ్చింది. దుకాణాలకు నెయ్యి మళ్లీ పోస్తోందట. గంపలోంచి ఆ సీసానే తీసి నా చేతిలో పెట్టింది. లక్క సీలు అట్లాగే ఉంది.

"కేసు వోయింది గదా. ఇగ గీ సీలుతోని నాకేం పని? నువ్వే ఉంచుకో చెల్లె. కలకత్తా పంపుతవో ఏం జేస్తవో నీ ఇష్టం."

సారు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. పరీక్షకు ఇంత మంచి నమూనా మళ్లీ దొరకదని ఆయన కళ్లలో ఉంది. నేను సీసాను కొంగులో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయి, చాకుతో సీలు విప్పి, వేడి జొన్నరొట్టె మీద వేసుకుని తిన్నాను. నేను చేరినప్పటి నుంచి మా పరీక్షశాలకు వచ్చిన నెయ్యి అంతటిలో రుచి చూసింది అదొక్కటే.